కెన్ అనే మనిషి

జూన్ నెల. పూతలపట్టు రోడ్డు పొడవునా
బెంగుళూరా కాయల ట్రాక్టర్లు,
రెండు రాత్రుళ్ళుగా కదలని వరస.
గేటు లోపల గుజ్జు ఉడుకుతా ఉంటే
ల్యాబులో నేను, నా బ్రిక్స్ మీటరు,
మూలన కంపెనీ ఫోను.

సాయంత్రం ఐదుకు మోగుతాది.
అబర్డీన్ నించి క్రెయిగ్.

మొదటి దినం "ఫిట్ లైక్?" అన్నాడు.
ఫిట్టుగానే ఉండానన్నాను,
మొన్న జ్వరమొచ్చి తగ్గిందని కూడా చెప్పినాను.
ఆ పక్క చానాసేపు నవ్వు.
పేరేందన్నాడు. ఢిల్లీరాణి.
చిత్తూరు కాదా, ఢిల్లీలోనా నువ్వుండేది అన్నాడు.
మద్రాసు సెంట్రలుకు అవతల
రైలు ఎట్లా పోతాదో కూడా నేను చూళ్ళేదని
చెప్పేంత ఇంగ్లీషు
ఆ పొద్దు నా దగ్గర లేదు.

మా మేనేజరు ఫణీంద్రగారిది తెనాలి.
ఆయన ఇంగ్లీషుకు ఇస్త్రీ మడత ఉంటాది.
క్రెయిగ్ ముందర అది నలిగిపోయింది.
పార్డన్, పార్డన్, పార్డన్ అని
ఫోను నా చేతికిచ్చేసినాడు,
కాలే గిన్నె ఇచ్చినట్టు.
"అదేం ఇంగ్లీషండీ బాబూ!"
నేను టెంకాయ అన్న దినం, చెనిక్కాయ అన్న దినం
"ఇదేం తెలుగమ్మా" అని
నవ్వి నవ్వి నీళ్ళు తాగిన మనిషి.
గుర్తు చెయ్యలేదు నేను.

క్రెయిగ్ మాటల్లో మాటిమాటికీ కెన్ వస్తాడు.
డ్రమ్ము మూత వదులైతే కెన్,
ఓడ ఆలస్యమైతే కెన్,
వాన పడినా కెన్.
ఎవరో పెద్దాఫీసరని
మెయిళ్ళన్నీ వెతికినాను, లేడు.
కడాకు మర్యాదగా అడిగేసినాను,
కెన్ గారు బాగుండారా అని.
"తెలుసు కదా" అనేదానికి
వాళ్ళ వైపు ఆ మాటంట.
నెలరోజులుగా నేను
ఒక క్రియాపదానికి నమస్కారాలు పంపిస్తా ఉన్నాను.

జులై మొదట్లో శాంపిలు రుచి చూసి
ఒకటే ముక్క అన్నాడు: "నే బ్యాడ్."
స్పీకర్లో విన్న ఫణీంద్రగారికి
రెండో మాటే వినబడింది.
కంటెయినరు ఆపేసినారు.
దాచిపెట్టిన నమూనాలన్నీ దించి
రాత్రంతా మళ్ళీ కొలిచినాను.
బ్రిక్స్ పదిహేను. పులుపు సరే. రంగు సరే.
మూడింటికి వాచ్‌మన్ ఏకాంబరం టీ తెచ్చిన యాళకు
మా తాత చెంగల్రాయుడు మతికొచ్చినాడు.

తోటలో తొలి పండు కోసి
చీకతా, కండ్లు మూసుకొని,
చానాసేపటికి అనేవాడు, "కానీలే, తినొచ్చు."
అంతకన్నా పెద్ద మెప్పు ఆయన నోట
మా అవ్వకు కూడా దక్కలేదు.
"బాగుంది" అన్నాడంటే
ఆ చెట్టు కొట్టించేస్తాడని లెక్క.

పొద్దున్నే చెప్పినాను:
సార్, అది తిట్టు కాదు. మా తాత మాట.
ఆయన నా పక్క చూసి, ఫోను పక్క చూసి,
అద్దాలు తుడుచుకున్నాడు.
మధ్యాన్నానికి బండి చెన్నై రేవుకు కదిలింది.

ఇప్పుడు నా రిజిస్టర్లో
తేదీ, బ్రిక్స్, పులుపు గళ్ళ పక్కన
నేను గీసుకున్న గడి ఒకటుండాది.
ముసురు పట్టి, మబ్బు నేలకు దిగి
లేవబుద్ధి కాని దినాన్ని
అక్కడ "డ్రీఖ్" అంటారంట.
గొంతు గీరుకొని వచ్చే ఆ ఖ
బళ్ళో అయ్యవారు దిద్దించింది,
ఇంట్లో ఎవురూ పలకనిది.
ఖర్చు మాకు కర్చే, ఖాళీ మాకు కాళీనే.
పలక మీద ఊరికే కూర్చోనున్న అక్షరానికి
ఇన్నేండ్లకు పని దొరికింది.

నిన్న ఫోను పెట్టేసే ముందర ఏదో అన్నాడు.
రెండు ముక్కలు, కడాన గాలి.
ఇంకోసారి చెప్పమని అడగలేదు.
విన్నది విన్నట్టు తెలుగులో రాసుకున్నాను.
బయట గేటు తీసినారు.
మొదటి ట్రాక్టరు డ్రైవరు ఎవరినో
సగం అరవంలో, సగం మన మాటలో
కేకలేస్తా ఉండాడు.
అదీ రాసుకుందామని పెన్ను మూత తీసేలోపల
దుమ్ము.