ఎవరి ఆకులు?

తీగ నిలవదు ఈ అడవిలో.
తాడ్వాయి దాటితే స్తంభాలు మావి, రాగి ఎవరిదో.
రాత్రి కోసుకుపోయి తెల్లారేసరికి
చెంబులు చేస్తారని నవ్వేవాడు సూపర్‌వైజర్ ఖాసిం.
కోసేవాళ్లు వదిలేసింది వాగు తీసుకునేది.

మంగపేటలో ఎరువుల గోదాము పక్క గదిలో
యాభై లైన్ల ఎక్స్ఛేంజి.
ఊరితో ఊరు మాట్లాడుకునేది:
కిరాణం కొట్టు నుంచి పోలీసు ఠాణాకు,
ఠాణా నుంచి మళ్లీ కిరాణం కొట్టుకు.
పొలిమేర దాటి ఒక్క 'హలో' పోయేది కాదు.

అందుకని ఆ వేసవిలో రేడియో వచ్చింది
ఎడ్లబండి మీద, వరిగడ్డిలో,
కోడిగుడ్లు తెచ్చినట్టు.

ముందు తేలాల్సింది ఒకటే,
ఇక్కణ్నుంచి అక్కడ కనపడుతుందా.
తాడ్వాయి అవతలి గుట్ట మీద నేను,
మంగపేట నీళ్లట్యాంకు మీద సారంగం,
ఇద్దరి చేతుల్లో
మంగలి కొమురెల్లి అరువిచ్చిన అద్దాలు.
పది కొట్టగానే ఎండను పట్టి అటు విసిరాను.
చేతులు గుంజుతున్నాయి, కళ్ల నిండా నీళ్లు.
పద్దెనిమిది మైళ్ల ఆకుపచ్చ అవతల
మినుక్కుమంది
బియ్యపుగింజంత.

అద్దానికి చాలిన దారి రేడియోకి చాలదు.
అది దారం లాగా పోదు,
నడుమ ఉబ్బుతుంది,
నెలలు నిండిన మనిషి సంతలో నడిచినట్టు
చుట్టూ ఇంత జాగా అడుగుతుంది.
సరిగ్గా ఆ నడుమనే, గట్టు మీద,
ఒక ఇప్పచెట్టు.

ఎస్టిమేటులో రాసుకున్నాం:
'చెట్టు తొలగింపు, ఒకటి.'

గొడ్డలి వాళ్లకంటే ముందే వచ్చి
మొదట్లో కూచున్నది పూనెం బుచ్చక్క.
అరవలేదు, తిట్టలేదు.
"పువ్వు మూడిండ్లకు పంచుకున్నం సారూ.
కొడితే ఎవల వంతు కొట్టినట్టు?"
ఖాసిం టోపీ తీసి తల గోక్కున్నాడు.
ఆ లెక్క మా పుస్తకాల్లో లేదు.

ఎస్టిమేటు మార్చాం:
'పైపు, ఇరవై అడుగులు.'
మంజూరు కావడానికి నలభై రోజులు.

పైపు చివర, చీకట్లో, నడుముకు తాడుతో నేను.
కింద లాంతరు పక్కన సారంగం, మీటరు ముందు.
"కుడికి… కుడికి… పోయింది!
ఎనకకు. ఇంకింత. నువ్వుగింజంత!
ఆగు, ఊపిరి గూడ తీయకు."
సూది లేచింది.

రిసీవరులో సర్రున ఇసుక పోసిన చప్పుడు,
ఆ ఇసుక కింద నుంచి ఆడగొంతు:
"వరంగల్ ట్రంకు. చెప్పండి."

రాబియా బేగం.
ఎన్నో ఏళ్లుగా ఆమె బోర్డులో
మంగపేట అంటే వెలగని బల్బు.

చెప్పండి అన్నది.
ఎవరం చెప్పలేదు.
నాలుగు నెలలు దారి వేశాం,
ఏం మాట్లాడాలో అనుకోలేదు.
చివరికి సారంగం గొంతు సవరించుకుని
"టైమెంత అమ్మా?" అన్నాడు.
పదకొండూ పన్నెండు.
గోదాము గడియారం ఏడు నిమిషాలు వెనక ఉంది.
స్టూలెక్కి ముల్లు జరిపాడు ఖాసిం.
ఆ ఏడు నిమిషాలు ఎప్పటి నుంచి తప్పిపోయాయో
ఊళ్లో ఎవరికీ తెలియదు.

తర్వాత వచ్చాయి మాటలు:
తునికాకు రేటు, పాముకాటు మందు,
వరస కలుస్తుందో లేదో తేలని సంబంధాలు.
అన్నీ ఆ చెట్టు నెత్తి మీదుగానే.

ఫాల్గుణంలో అది ఆకు రాల్చి పూతకొచ్చినప్పుడు
వరంగల్ పక్కింట్లో ఉన్నట్టు వినపడేది.
వానలు పడి ఆకు తడిస్తే
సూది రెండు గీతలు దిగేది,
రాబియా గొంతు గోనెసంచిలోంచి వచ్చేది.
చెట్టూ ఊరుకోలేదు, ఏటా జానెడు పెరిగింది.

ఇప్పుడు మాటలు భూమిలోంచి పోతున్నాయట, గాజు దారంలో.
పైపు తుప్పు పట్టింది.
లాగ్‌బుక్కు నేనే తెచ్చుకున్నా, ఎవరూ అడగలేదు.
ప్రతి జులైలో నా దస్తూరీలో ఒకే ముక్క:
'సిగ్నల్ తగ్గింది. కారణం: ఆకులు.'
తనిఖీకొచ్చిన పెద్దసారు ఒకాయన
పక్కన ఎర్రసిరాతో గీకి పోయాడు:
'ఎవరి ఆకులు?'

దాని కింద రెండు గీతల జాగా
ఇంకా ఖాళీగానే ఉంది.