పదకొండో పన్ను

ఇంజన్ నా చిటికెన వేలంత.
అట్టపెట్టెలో, దూది మధ్య, చెవిపోగులు తెచ్చినట్టు తెచ్చాడు
ఫోల్క్‌మార్ హెంచ్కె.
"నడవదు, వణుకుతుంది. చూడండి, ఫ్రావ్ పెట్రిక్."
నేను ముందు అతని గోళ్లు చూశాను.
రిటైరై పదిహేనేళ్లు. బొగ్గు ఇంకా అక్కడే కాపురం.

జిట్టావ్‌లో డిసెంబరు. మూడున్నరకే దీపాలు.
వంటింటి బల్ల మీద తెల్లబట్ట పరిచాను.
రంగుబట్ట మీద స్క్రూ పడితే దేవుడు కూడా వెతకలేడు.
తెల్లబట్ట మీద పడినా సగం సార్లు అంతే.

బాయిలర్ కింద రెండు స్క్రూలు, నువ్వుగింజకి తమ్ముళ్లు.
లోపల పాత నూనె బంకైపోయింది.
చక్రాల అంచున నల్లటి మైల.
పట్టాలోంచి కరెంటు పైకెక్కాలంటే
గుమ్మంలో చెప్పుల కుప్ప దాటినట్టే.
స్పిరిట్‌లో ముంచిన పుల్లతో తుడిచాను.
అలిసిపోయిన బ్రష్షు స్ప్రింగు మార్చాను.
గేరుకీ గేరుకీ మధ్య సిగరెట్ కాగితం పెట్టి
బిగించి, కాగితం లాగేశాను.
మిగిలిన ఆ ఖాళీయే ప్రాణం.
మరీ దగ్గరైతే కొరుక్కుంటాయి,
మరీ ఎడమైతే పలకరించుకోవు.
(నా పెళ్లి గురించి కాదు, గేర్ల గురించే.)
బాయిలర్ కడుపులో నాలుగు గ్రాముల సీసం కూరాను.
బరువుంటేనే చక్రం పట్టాని నమ్ముతుంది.

ఇరవై ఆరేళ్లు గడియారాల ఫ్యాక్టరీలో కూర్చున్నాను.
తప్పు తీసేస్తే జీతం.
దేశం మారింది, ఫ్యాక్టరీకి తాళం పడింది,
నా కళ్లు మాత్రం డ్యూటీ దిగలేదు.

గురువారం వచ్చాడు.
మీట వెంట్రుకవాసి తిప్పాను.
ఇంజన్ కదిలిందని చెప్పడానికి లేదు,
నిమిషాల ముల్లు కదిలినట్టు కదిలింది.
ఒక స్లీపర్ దాటేలోపు
టీలో చక్కెర కలిపేయొచ్చు.
నా మీద నాకు కాస్త గర్వం వేసింది, ఒప్పుకుంటాను.

హెంచ్కె చాలాసేపు వంగి చూశాడు.
"బాగుంది" అన్నాడు,
చుట్టాలింట్లో కూరలో ఉప్పు లేదని చెప్పలేనివాడిలా.
తర్వాత అన్నాడు, "ఇది మా బండి కాదు."

కొండెక్కే చిన్న లైనులో అతని బండికి
కుడి వాల్వు అరిగిపోయిందట.
మూడు పెద్ద ఊపిర్లు, నాలుగోది గుటక.
వర్క్‌షాపుకి ఉత్తరం రాస్తే పార్టు లేదన్నారు.
పంతొమ్మిదేళ్లు లేదనే అన్నారు.
బల్ల మీద వేళ్లతో వాయించి చూపించాడు
ఢమ్
ఢమ్
ఢమ్
నాలుగో వేలు బల్లకి ఆనీ ఆనకుండా ఆగింది.
"మంచు కురిసే రాత్రి దీపం కనబడదు, మలుపు కనబడదు.
ఆ గుటకలు లెక్కపెట్టుకునే స్టేషన్లో ఆపేవాణ్ణి.
అది పెట్టగలరా?"

తప్పు పెట్టమని నన్నెవరూ అడగలేదు ఇంతవరకూ.
ఆ రాత్రి భూతద్దం కంటికి బిగించుకున్నాను.
ఇరుసు గేరుకి పంతొమ్మిది పళ్లు.
గుండ్రటిదానికి మొదలెక్కడ?
నా సూది ఆనిన చోటే ఒకటి అనుకుని
పదకొండు దగ్గర ఆగాను. ఎందుకని అడక్కండి.
ఆకురాయి ఎత్తాను, దించాను.
కాఫీ పెట్టుకున్నాను, అది చల్లారింది.
నా వెనక మా పాత ఫోర్‌మన్ గోట్‌హార్డ్
నిలబడి దగ్గినట్టనిపించింది.
ఒక్కసారి గీశాను.
రెండోసారి, ఊపిరికన్నా మెల్లగా.
రాలిన పొడి ఎంతంటే
రాలలేదనే చెప్పొచ్చు.

శనివారం హెంచ్కె బండిని చూడనేలేదు.
కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.
పెదాలు కదులుతున్నాయి. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది.
ముప్ఫై ఒకటి దగ్గర "ఆపండి" అన్నాడు.
ఆపాను.
ఇంజన్ చక్కెర డబ్బా పక్కన నిలబడింది.
"ఆ" అన్నాడు, "ఇక్కడే."

బిల్లు రాశాను. శుభ్రం చేసినందుకు ఇంత,
స్ప్రింగుకి ఇంత, సీసానికి ఇంత.
పన్ను దగ్గర కలం ఆగింది.
ఆ గడి ఖాళీగానే ఇచ్చాను.