ఏకగ్రీవం

కాశీబుగ్గ రోడ్డు దిగి మా ఊరికొస్తుంటే
జీడిపిక్కలు కాల్చే వాసన ఎదురొస్తుంది.
ఆ పొగలోనే పెరిగిన చేతులు
తామాడ దాలమ్మవి.
పిక్కనూనె తినేసిన నల్లటి వేళ్లు,
రేషను మిషను ఏనాడూ గుర్తుపట్టనివి.

సర్పంచికి నామినేషనేసిందని తెలిసి
బట్టీలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
మూడోరోజు నుంచి
పిక్కల బస్తా ఆమె గుమ్మానికి రాలేదు.
కొళాయి ఆమె వంతుకే ఎండిపోయింది.
ఎవరూ అరవలేదు, చెయ్యి చేసుకోలేదు.
"ఊరి మంచికోసరమే కదమ్మా" అన్నారు,
టీ కూడా ఇప్పించారు.

ఉపసంహరణ కాగితం రాసింది నేనే.
దస్తూరి బాగుంటుందని పిలిచారు.
"నా ఇష్టపూర్వకంగా" అనే చోట
పెన్ను ఆగింది.
విదిలించి, మళ్లీ రాశాను.
దాలమ్మ వేలు నొక్కింది,
గీతల్లేని మచ్చ ఒకటి పడింది.
చాల్లే, అన్నాడు ఎన్నికల అధికారి.
ఆ ఒక్కనాడు ఆ వేలిమీద
ఎవరికీ అనుమానం రాలేదు.

ఊరికి ప్రోత్సాహం డబ్బులొచ్చాయి.
సిమెంటు అరుగు కట్టి
మా ఐకమత్యాన్ని పాలరాతి మీద చెక్కించారు.
పోలింగు జరగాల్సిన రోజు
బడికి సెలవు లేదు,
పిల్లలు పదమూడో ఎక్కం అప్పజెప్పారు.

మొన్న సంతలో
ఎండుచేపలు బేరమాడుతూ నన్ను చూసింది.
తప్పుకోబోయాను.
"ఏటి బావూ, అయిదేళ్లకి మల్లా నువ్వే రాయాల,
అప్పుడు ఏసే కాయితం" అంది,
చేపల మీది ఈగల్ని తోలుతూ.

చూపుడువేలు జేబులో పెట్టేసుకున్నాను.
అంత తెల్లగా ఉంది.