పొలమారిన మంట

రాత్రి రెండుంపావు.
ఫోర్ట్ కెంట్ దాటాక రోడ్డుకీ నదికీ తేడా
మంచు మీద టైరు గీతలే.
ఫోన్‌లో అదెలార్ మిషో అన్నాడు:
"చావదు, బతకదు. వెలుగుతుంది, ఆరుతుంది,
మళ్ళీ తనే వెలుగుతుంది.
తొందరేం లేదు."
తొందరేం లేదన్నవాళ్ళ ఇంటికే
నేను గబగబా వెళ్తాను.

నేలమాళిగ మెట్లు సగం దిగేసరికే వినిపించింది.
మోటారు హుం అంటోంది,
నిప్పురవ్వ చిటపటలాడుతోంది,
భగ్గుమంది.
నిలబడిపోయి లెక్కపెట్టాను.
పదకొండు. ఆరిపోయింది.
నిమిషం పాటు ఇల్లంతా ఊపిరి బిగబట్టింది.
మళ్ళీ హుం.

స్విచ్ కట్టేశాను.
"ఎర్ర బటన్ ఎన్నిసార్లు నొక్కారు?"
"ఒక్కసారే."
మూత తీసి టార్చి వేశాను.
మండకుండా మిగిలిన నూనె
అడుగున నల్లగా మెరుస్తోంది.
ఒక్క నొక్కుడికి ఇంత చేరదు.
ఆయన మఫ్లర్ సర్దుకున్నాడు, టోపీ సర్దుకున్నాడు.
"ఏడు," అన్నాడు.
"పైన మనవరాలు పడుకుని ఉంది.
చలికి కాళ్ళు ముడుచుకుంటుంటే చూళ్ళేక..."

చల్లారనిచ్చి ఆ నూనెంతా గుడ్డలతో అద్దాను.
నేను అద్దుతున్నంతసేపూ
ఆయన నేరస్థుల్ని వరసపెట్టి నిలబెట్టాడు:
ఉత్తరపు గాలి, కొత్త నూనె కంపెనీ,
గోడ మీది థర్మోస్టాట్,
చివరికి, నలభై ఏళ్ళ కింద చిమ్నీ కట్టిన
బావమరిది రోసేర్.

మంటని చూసే చిన్న కన్నొకటి ఉంటుంది దీనికి.
దానికి మసి పట్టిందంటే
ఎదురుగా మండుతున్నదాన్ని కూడా ఆరిందనుకుంటుంది.
తీసి బొటనవేలితో తుడిచాను.
మసి లేదు. కన్ను నిజమే చెబుతోంది.
నాజిల్ మార్చాను.
ఫిల్టర్ విప్పాను. నీటి చుక్క లేదు.
మళ్ళీ వెలిగించాను.
పదకొండు.

అప్పుడు పంపుకి
పారదర్శకంగా ఉండే సన్న గొట్టం తగిలించి చూశాను.
ఎర్రటి నూనె రావాల్సిన చోట
నురగ.
తాగుతూ తాగుతూ గాలి మింగుతోంది.
పాపం, దీనికి పొలమారుతోంది!

కళ్ళు మూసుకుని చేత్తో వెతికాను,
ట్యాంకు దగ్గర్నుంచి రాగి గొట్టం వెంబడే
అడుగు అడుగు.
గోడ మలుపు దగ్గర వేళ్ళకి తడి తోలు తగిలింది.
లేసులతో ముడేసి గొట్టానికి వేలాడదీసిన
ఒక జత హాకీ స్కేట్లు.
రోజూ అదే చోట ఆరేస్తున్నట్టున్నారు.
ఆ బరువుకి గొట్టం వంగింది,
నట్టు పావు వంతు తిరిగింది.

నూనె బయటికి కారే చిల్లు కాదిది,
గాలి లోపలికి దూరే చిల్లు.
అందుకే నేల పొడిగా ఉంది.
అందుకే ఎవరూ కనిపెట్టలేదు.
మనుషుల్లోనూ ఇలాంటివి చూశాను గానీ
అవి బాగుచెయ్యడానికి నా దగ్గర పానా లేదు.

గొట్టం చివర కోసి, కొత్తగా మడిచి, బిగించి,
నురగంతా పోయేదాకా డబ్బాలోకి వదిలాను.
స్విచ్ వేశాను.
ఈసారి ఆయన లెక్కపెట్టాడు, గొంతులోనే, ఫ్రెంచిలో.
ఓంజ్ దగ్గర ఆగి నా ముఖం చూశాడు.
దూజ్.
త్రెజ్.
నలభై దాటాక టోపీ తీసేశాడు.
పది నిమిషాలు నిలవందే ఏ మంటనీ నేను నమ్మను.
బకెట్ బోర్లించి కూర్చున్నాను.

మెట్ల మీద ఉన్ని మేజోళ్ళ చప్పుడు.
"పెపే, నా స్కేట్లేం చేశాయి?"
ఎంతసేపట్నుంచి వింటోందో.
ముసలాయన నా వైపు చూశాడు,
ఇందాక ఒక్కసారే అన్నప్పటి చూపు.

బిల్లు మీద కారణం అన్న గడిలో
పాత నట్టు అని రాశాను.
రాసి, ఆ పిల్లనే అడిగాను,
ఇంట్లో ఒక సుత్తీ, పొడుగాటి మేకూ
ఉన్నాయా అని.