ఊఁ కొట్టే చక్రం

ఉలవపాడు దాటి అరవైకి చేరగానే
ఎడమ చక్రంలో మొదలయ్యేది,
నేను చెప్పని కథకి
ఎవరో ఊఁ కొడుతున్నట్టు.

రేడియో పెంచాను.
గాలి రొదలో కలిసిపోతుందని అద్దాలు దించాను.
ఎనిమిది నెలలు అట్టా గడిచిపోయినయ్.
బ్రేకు తొక్కితే వచ్చే గీరుడు వేరే.
తొంభై తొమ్మిది నాటి జెన్,
ఒంగోలు కంటి డాక్టరు వాడి వదిలేసింది,
నీళ్ళ పరీక్షలకి నాతో తిరిగి
రొయ్యల చెరువుల ఉప్పంతా తాగింది.
అరవనీలే అనుకున్నాను.

శుక్రవారం మన్నేటి వంతెన మీద
గొర్రెల మంద అడ్డం వచ్చింది.
బండి ఆగింది,
నేనాగమన్న చోట కాదు.
కాపరి నా వంక చూశాడు. తిట్టలేదు.
తిట్టినా బాగుండేది.

సింగరాయకొండ గేటు పక్కన రేకుల షెడ్డు.
మౌలాలి కుడిచెవి చీమకుర్తి క్వారీలో పోయింది,
పదకొండేళ్ళు కంప్రెసరు పక్కన నిలబడి.
ఎడమది సగం.
శబ్దం ఎట్టా వస్తందని అడగడు.
జాకీ లేపి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ
రెండో అరచేయి స్ప్రింగుకి ఆనిస్తాడు,
చూడి గేదె డొక్కకి ఆనించినట్టు.
కళ్ళు మూసుకుంటాడు.
"బేరింగు. లోపల గుళ్ళు గుంటలు పడినయ్."
నన్నూ చెయ్యి పెట్టమన్నాడు.
సన్నటి వణుకు, ఇసకలో చీమలబారు లాగా.
ఇన్నాళ్ళూ వినపడుతున్నా
నేను విననిది.

వెనక చక్రాలకి అడ్డం నల్లరాయి ముక్కలు.
"పాలిషు పడుంటే
ఎవురింట్లోనో గ్యాసుపొయ్యి కింద ఉండేదమ్మా ఇది."

ఏసుపాదం కాలిపర్ ఊడదీసి
బైండింగు వైరుతో పైకి కట్టాడు.
"ప్రాణం నడిచేది ఆ గొట్టంలోనే రా,
బరువు మోయనీకు."
ప్యాడ్లలో గోరంత మందం లేదు,
ఇనుమే ఇనుముని తింటా ఉంది.
డిస్కు మీద, కంది చేలో గుంటక తోలినట్టు, చాళ్ళు.
అంచున మిగిలిన గట్టు తడిమి
"మొదట ఇంత ఉండేది" అన్నాడు.
మిగతాది ఏమైందని అడగబోయి
వేళ్ళకంటిన నల్లపొడి చూసుకున్నాను.
కరేడు మలుపులో, చాకిచర్ల గట్ల మీద,
టంగుటూరు టోలుగేటు దగ్గర
నేనాగిన ప్రతిసారీ కొంచెం.

"కుడిపక్క డిస్కు బానే ఉందిగా?"
"ఒక కాలికే చెప్పేసుకోని నడుస్తావా?"

కొత్త బేరింగు
రొయ్యల వ్యానువాడిచ్చిన ఐసులో,
నీచువాసనలో, రెండు గంటలు.
దాని గూటికేమో మంట.
"ఇది ముడుచుకోవాల, అది ఇచ్చుకోవాల.
అప్పుడే మాట ఇంటయ్."
నిట్టూర్పంత చప్పుడుతో కూర్చుంది.
ఏసుపాదం తలూపితే గానీ
మౌలాలికి తెలియలేదు.

ఏడువేల నాలుగొందలు.
నాలుగొందలు తగ్గించమన్నాను.
చెవి చూపించి
వినపళ్ళేదన్నాడు.

మొదటిసారి తొక్కితే
పెడలు నేలకంటింది. గుండె జారింది.
"తొక్కమ్మా, ఇంకా తొక్కు,
అయ్యింకా ఒకదాన్నొకటి ఎరగవు."
నాలుగోసారికి
కాలి కింద ఏదో ఎదురు నిలబడింది.

హైవే మీద అరవై. డెబ్బై.
ఊఁ కొట్టేవాళ్ళు లేరు.
వెనక సీట్లో నీళ్ళ సీసాలు
ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి,
ఎన్నాళ్ళ నించో మరి.

పది రోజులకి, ఉలవపాడు సందులో
చెక్కబండి ఒకటి వాలులో దిగి వచ్చింది,
మీద ముగ్గురు పిల్లలు.
ముందున్నవాడు ఏసుపాదం తమ్ముడు, అవే చెవులు.
కింద ఆ ఊళ.
నాదే. ఎక్కడున్నా గుర్తుపడతాను.
బ్రేకు తొక్కాను.
బండి, నేననుకున్న చోటే ఆగింది.
వాళ్ళది ఆగలేదు. దానికి బ్రేకులు లేవు.
కేకలు పెడుతూ, ఊఁ కొట్టుకుంటూ,
నా ముందు నించి
మామిడితోటల వైపు జారిపోయింది.