రెండో టిక్కెట్టు

ఇంటి మీద నక్షత్రం వెలుగుతోంది.
కట్టింది నేనే,
నిచ్చెన పట్టుకునే మనిషి లేక
గోడకి మోకాలు ఆనించి.

రాత్రి రెండింటికి క్యారల్స్ వాళ్ళొచ్చారు,
ట్రాక్టరు మీద పదిహేను మంది, ఒక డప్పు, శ్రుతి తప్పిన గిటారు.
మంచులో అందరి నోళ్ళూ పొగలు కక్కుతున్నాయి.
పాడారు, టీ తాగారు,
దీవించి వెళ్ళిపోయారు.
గ్లాసులు నాకు మిగిలాయి.

పండగ ఎప్పుడూ మా ఇంట్లోనే.
చర్చి దగ్గరట, గాలి బాగుంటుందట,
రత్నానికి ఓపికట.
ఆ ఓపికని ఎవరు కొలిచారో,
ఏ తక్కెట్లో వేశారో!
మా ఇస్సాకు వచ్చిన ప్రతివాళ్ళకీ కుర్చీ వేస్తాడు.
అక్కడికి ఆయన పండగ పని అయిపోతుంది.

చెల్లెలు హెప్సిబా
చక్రాల పెట్టె ఈడ్చుకుంటూ దిగింది రాజమండ్రి నుంచి.
"గులాబీ పువ్వులు నువ్వే చెయ్యాలే,
నీ చేతిలో ఉంది" అంది.
నా చేతిలో ఏముందో నాకు తెలుసు.
క్రోషే సూది దిగిన చోట వేలి మీద చిన్న గుంట,
దాన్లోకి దిగిన ఉప్పు.
జనవరికి ఇవ్వాల్సిన లేసు బల్లగుడ్డ
సగం పువ్వు దగ్గర ఆగిపోయి
సంచిలో నన్నే చూస్తోంది.

మైదా అయిపోయిందన్నారు.
తెస్తానని బయల్దేరి
కొట్టు దాటాను, మలుపు దాటాను,
రేవుకొచ్చి పంటు ఎక్కాను.

ఎందుకెక్కానో అడక్కండి.
మోటారుసైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు,
మూతికి తాడు కట్టిన మేక,
కేకు పెట్టెని బిడ్డలా ఒళ్ళో పెట్టుకున్న కుర్రాడు.
పోటు వేళ.
సముద్రం వశిష్ఠలోకి ఎదురెక్కి వస్తోంది,
గోదారి కిమ్మనకుండా ఉప్పవుతోంది.
ఎవరడిగారు దాన్ని?

కమ్మీ పట్టుకుని
నా కోపాలన్నీ ఒక్కొక్కటే నీళ్ళకి చెబుదామనుకున్నాను.
పోయినేడు చీర, ఆ ముందేడు అప్పు,
వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళి
నా ఎనిమిదో ఏట ఆగాను:
పండక్కి హెప్సికి కొన్న ఎర్ర బూట్లు.
నవ్వొచ్చింది.
నవ్వులోంచే ఏడుపూ వచ్చింది,
మేక తప్ప ఎవరూ చూడలేదు.
తర్వాత నిలబడే కునుకు పట్టేసింది.

సఖినేటిపల్లి ఒడ్డు.
"దిగరా అండీ?" అన్నాడు టిక్కెట్లబ్బాయి.
దిగాను.
నన్నెరిగినవాళ్ళు ఒక్కరూ లేరు.
బల్ల మీద కూచుని టీ తాగాను.
ఎవరో కాచిన టీ.
పంచదార ఎక్కువైంది, అయినా ఆఖరి చుక్క దాకా తాగాను.
గ్లాసు అక్కడే పెట్టేసి లేచాను.
అలా లేచి ఎన్నేళ్ళయిందో!

తిరుగు పంటులో మళ్ళీ టిక్కెట్టు కొట్టాడు.
"ఇంతలోనే పనయిపోయిందా అండీ?"
"ఆయ్" అన్నాను.

క్షమించానని చెప్పను.
పాస్టరు గారు రేపు అడుగుతారు,
రేపటి సంగతి రేపు.
మైదా పొట్లం తెచ్చి హెప్సి ముందు పెట్టాను.
"నువ్వు చెయ్యి."
"నాకు రాదే, అక్కా."
"నాకూ రాదు. వచ్చేదాకా చేశాను."

కాసేపు నా మొహంలోకి చూసింది.
ఉంగరాలు తీసి సాసర్లో పెట్టింది, మూడు.
అచ్చు నూనెలో కాగాలని చెప్పలేదు నేను.
చల్లటి అచ్చుని పిండి వదల్లేదు.
మొదటి వాయి ముక్కలైంది.
ఇస్సాకు కుర్చీల మధ్య నిలబడి అటొకసారి, ఇటొకసారి చూశాడు.

ఎర్ర బూట్లు గుర్తున్నాయా అని అడుగుదామనుకున్నాను.
వచ్చే ఏడాదికి ఉండనీ.

గుమ్మంలో కూచుని లేసు విప్పాను.
దారం ఎక్కడాగిందో దొరకడానికి కొంచెం సేపు పట్టింది.
వంటింట్లోంచి మాడిన వాసన.
"అక్కా!" అంటోంది.
ఇంకోసారి అంది.
నేను లేవలేదు.