ఇల్లు తేలిన ఏడు

పొద్దున ఆరింటికి
నరీన్ నది ఆనకట్ట మెట్లు దిగుతాను.
ఇనుప కమ్మీకి చేతితొడుగు అతుక్కుపోతుంది.
సిమెంటు గోడమీద ఎర్రరంగు అంకెలు,
నీళ్ళు ఏ అంకె దగ్గర ఆగాయో
పెన్సిలుతో రాసుకుంటాను.
పెన్ను పనికిరాదు, సిరా గడ్డకడుతుంది.

ఇరవై రెండేళ్ళుగా ఇదే కొలువు.
సాయంత్రానికి నా అంకె రేడియోలో వస్తుంది.
మినీబస్సుల్లో, రొట్టెల అంగడి ముందు
జనం దాన్ని
పసివాడి జ్వరంలా చెప్పుకుంటారు:
నిన్నటికి ఇవాళ్టికి నాలుగు వేళ్ళు దిగిందట.

మా అత్తగారు బురుల్ మాత్రం అంకె అడగదు.
"నా పొయ్యి కనబడిందా?" అంటుంది.

ఆమె పుట్టిల్లు ఈ నీళ్ళ కిందే ఉంది.
ఆమెకు పదకొండేళ్ళప్పుడు లారీలు వచ్చాయి.
బార్లీ చేనుకీ ఆప్రికాట్ తోటకీ లెక్కకట్టారు,
సమాధులకు ఏం కట్టాలో తెలియక
ఆ గడి ఖాళీగా వదిలేశారు.
లోయ ఇస్తే దీపం వస్తుందన్నారు.
అబద్ధమాడలేదు, వచ్చింది.
మొదటి రాత్రి బల్బు కింద వాళ్ళ నాన్న
తన చేతులకేసి చూసుకుని
ఇంత మురికిగా ఉన్నాయా అని
లేచివెళ్ళి కడుక్కున్నాడట.

గొర్రెల కాపరి కల్నూర్
నిరుడు మంచు అంచున ఒక రాయి పెట్టి వచ్చాడు.
ఈసారి ఆ రాయి నుంచి మంచు దాకా
డెబ్బై అడుగులు నడిచాడు.
"అంత కరిగితే నీళ్ళు ఎక్కువే రావాలి కదా?"
వస్తాయి కల్నూర్, కొన్నాళ్ళు.
గాదె అడుగు ఊడ్చిన రోజు
చాట నిండుగానే ఉంటుంది.

సరిహద్దుకు ఆవల ఎర్గాష్ ఉన్నాడు,
నాలాగే కాలవ మీద కొలబద్ద చదివే మనిషి.
ముఖం చూడలేదు, గొంతు తెలుసు.
జనవరిలో మాకు హీటర్లు వెలగాలి,
నీళ్ళు వదులుతాం.
"ఇప్పుడొద్దు చెల్లీ, మా గట్లు తెగుతున్నాయి."
జూన్‌లో వాళ్ళ పత్తికి తడి కావాలి,
చలికాలం కోసం మేం దాచుకుంటాం.
"ఇప్పుడు వదులు చెల్లీ."
నా చేతిలో తలుపుల తాళాలు లేవని అతనికి తెలుసు.
అయినా చేస్తాడు.
అయినా ఎత్తుతాను.
చివరికి ఇద్దరం పిల్లల చదువుల గురించి మాట్లాడుకుని పెట్టేస్తాం.

ఈ మార్చిలో
ముందు పాత రోడ్డు తేలింది,
తర్వాత పాప్లర్ మొద్దులు,
తర్వాత మోకాలెత్తు గోడలు.
నేను ఇంట్లో చెప్పలేదు.
రేడియో చెప్పేసింది.

రెండు గంటలు బురదలో నడిచాం,
ఆమె, నేను, నా కొడుకు ఎర్నాజర్.
గుమ్మం లేని చోట కూడా
ఆమె గుమ్మం దాటినట్టే కాలెత్తి దాటింది.
మట్టిపూత ఎప్పుడో కరిగిపోయింది,
పొయ్యి రాళ్ళు మూడూ ఉన్నాయి.
ఒక రాయి మీద గుల్లపురుగు ఇల్లు కట్టుకుంది.
దాన్ని తీసి, కాస్త దూరంగా, నీళ్ళంచున పెట్టింది.

సంచిలోంచి పిడకలు తీసింది.
ఇంటి నుంచి మోసుకొచ్చిందని
నాకు అప్పుడే తెలిసింది.

మంట అంటుకునే లోపు
పిల్లవాడు చలికి వణుకుతూ
బళ్ళో నేర్చిన ఏడుగురు తాతల పేర్లు అప్పజెప్పాడు.
ఆ ఏడు పేర్లూ రానివాణ్ణి మా దగ్గర మనిషిగా లెక్కెయ్యరు.
అందులో నలుగురు
ఆ బురదలోనే ఎక్కడో వింటున్నారు.
"రేపు నా పేరు అప్పజెప్పేవాడు
ఎక్కడ కూర్చుంటాడు?" అన్నాడు.
పొగ కళ్ళలో పడిందని ఇద్దరం ముఖం తిప్పుకున్నాం.

అప్పుడే గట్టు మీద ఊరు ఆరిపోయింది.
కరెంటు కోత, ఆరు నుంచి పది దాకా.
ఇల్లు కనబడితే దీపం ఉండదు,
దీపం ఉంటే ఇల్లు కనబడదు.
బురుల్ చేతులు మంటకు చాపి
అటూ ఇటూ తిప్పి చూసుకుంది,
ఏమీ అనలేదు.

మర్నాడు ఆరింటికి
మళ్ళీ మెట్లు దిగాను.
మూడు వేళ్ళు తగ్గింది. రాశాను.
పక్కన "ఇతర వివరాలు" అని ఒక గడి ఉంటుంది,
ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ నింపనిది.
అందులో పెన్సిలు గట్టిగా అదిమి రాశాను:

పొయ్యి పనిచేస్తోంది.